బిల్డ్ పాసైనా తేలని లెక్క: లినక్స్ ప్యాకేజీకి డిపెండెన్సీలు పట్టుకోవడం ఎలా

ఒక సాఫ్ట్‌వేర్‌ను డెబియన్, ఫెడోరా వంటి లినక్స్ డిస్ట్రోకు (పంపిణీకి) ప్యాకేజీగా కట్టేటప్పుడు ఎక్కువ సమయం పట్టేది కంపైల్ చేయడానికి కాదు, దానికి ఏమేం కావాలో, అంటే డిపెండెన్సీలేమిటో, తేల్చుకోవడానికి. రీడ్‌మీలో ఇచ్చిన జాబితా చాలాసార్లు పాతబడి ఉంటుంది. రాసినవాళ్ల కంప్యూటర్లో ఎప్పటినుంచో ఉన్న లైబ్రరీలు వాళ్లకు డిపెండెన్సీలుగా తోచవు కాబట్టి అందులోకి ఎక్కవు. పైగా ఉబుంటులో ఒక పేరుతో ఉన్న ప్యాకేజీ ఫెడోరాలో ఇంకో పేరుతో ఉంటుంది. అందుకని రీడ్‌మీని మొదలుపెట్టడానికి వాడుకోవచ్చు గాని దాన్నే నమ్ముకోకూడదు.

బిల్డ్ ఫెయిలైతే నిజానికి పని తేలికైనట్టే. ఏ ఫైలు దొరకలేదో కంపైలరే చెబుతుంది, అది ఏ ప్యాకేజీలో ఉందో వెతికి చేర్చుకుంటాం. అసలు చిక్కు ఫెయిల్ కాని బిల్డ్‌తోనే. లైబ్రరీ కనబడకపోతే ఆ ఫీచర్‌ను తీసేసి చప్పుడు లేకుండా ముందుకు సాగిపోయే బిల్డ్ స్క్రిప్టులు ఎన్నో ఉన్నాయి. బిల్డ్ పాసవుతుంది, ప్యాకేజీ తయారవుతుంది, లోపం మాత్రం వాడుకరి చేతిలో బయటపడుతుంది. డిపెండెన్సీల వెతుకులాటలో సగం శ్రద్ధ ఈ నిశ్శబ్దం మీదే పెట్టాలి.

రెండు జాబితాలు, వాటి పక్కన మూడోది

బిల్డ్ చేయడానికి కావలసినవి వేరు, నడవడానికి కావలసినవి వేరు. డెబియన్‌లో కంట్రోల్ ఫైలులోని బిల్డ్-డిపెండ్స్, డిపెండ్స్ అనే వరుసలు ఈ రెండింటికీ ఉన్నవే. ఫెడోరా వాడే ఆర్‌పిఎం స్పెక్ ఫైలులో వాటిని బిల్డ్‌రిక్వైర్స్, రిక్వైర్స్ అంటారు. ఆర్చ్‌లో మేక్‌డిపెండ్స్, డిపెండ్స్. కంపైలర్, హెడర్ ఫైళ్లు (లైబ్రరీలోని ఫంక్షన్ల ప్రకటనలు), లైబ్రరీ ఎక్కడుందో చెప్పే పికెజి-కాన్ఫిగ్, డాక్యుమెంటేషన్ తయారుచేసే పనిముట్లు మొదటి జాబితాలోకి వస్తాయి. షేర్డ్ లైబ్రరీలు, ప్రోగ్రామ్ పిలిచే ఇతర కమాండ్లు, డేటా ఫైళ్లు రెండో జాబితాలోకి.

టెస్టులకు మాత్రమే కావలసినవి మూడో రకం. ఆర్చ్‌లో వీటికి చెక్‌డిపెండ్స్ అని ప్రత్యేక వరుస ఉంది. డెబియన్‌లో బిల్డ్-డిపెండ్స్‌లోనే పెట్టి పక్కన నోచెక్ ప్రొఫైల్ గుర్తు తగిలిస్తారు. క్రాస్ కంపైల్ చేసేవాళ్లు మరో గీత కూడా గీసుకోవాలి. బిల్డ్ జరిగే మెషీన్లో నడిచే పనిముట్లు ఒకవైపు, ప్రోగ్రామ్ నడవబోయే మెషీన్ కోసం లింక్ చేసే లైబ్రరీలు ఒకవైపు. జెంటూ డిస్ట్రో ఈ తేడా కోసమే తన ప్యాకేజీ ఫైళ్ల నియమావళి ఇఎపిఐ 7లో బిడిపెండ్ అనే వరుస తెచ్చింది.

ప్రతి డిస్ట్రోకూ చెప్పకుండానే ఉన్నాయనుకునే కనీస సామాను ఒకటుంటుంది. డెబియన్‌లో బిల్డ్-ఎసెన్షియల్ కిందికి వచ్చే జిసిసి కంపైలర్, మేక్, సి లైబ్రరీ హెడర్లను జాబితాలో రాయక్కర్లేదు. ఫెడోరాలో అలా కాదు. 2018లో వచ్చిన ఫెడోరా 29 నుంచి జిసిసిని బిల్డ్‌రూట్ (బిల్డ్ జరిగే కనీస వ్యవస్థ) నుంచి తీసేశారు కాబట్టి సి ప్రోగ్రామ్ అయినా సరే జిసిసి కావాలని స్పెక్ ఫైలులో రాయాల్సిందే. డెబియన్ నుంచి ప్యాకేజింగ్ ఫెడోరాకు తెచ్చేవాళ్లకు మొదట తగిలే దెబ్బ ఇదే.

ముందు సోర్సును చదవాలి

బిల్డ్ నొక్కేముందు పది నిమిషాలు సోర్సు చూస్తే తర్వాత గంటలు మిగులుతాయి. ఆటోటూల్స్ అనే బిల్డ్ వ్యవస్థ వాడిన ప్రాజెక్టులో కాన్ఫిగర్.ఎసి ఫైలు (బిల్డ్‌కు ముందు మెషీన్లో ఏమేం ఉన్నాయో చూసే కాన్ఫిగర్ స్క్రిప్టు దీన్నుంచే పుడుతుంది) తెరిచి పికెజి_చెక్_మాడ్యూల్స్, ఎసి_చెక్_లిబ్, ఎసి_సెర్చ్_లిబ్స్, ఎసి_చెక్_హెడర్స్, ఎసి_పాత్_ప్రోగ్ అన్న మ్యాక్రోలన్నీ గ్రెప్ చేయాలి (వెతకాలి). సీమేక్‌లో అయితే ఫైండ్_ప్యాకేజ్, ఫైండ్_లైబ్రరీ, ఫైండ్_ప్రోగ్రామ్. మెసన్‌లో డిపెండెన్సీ, ఫైండ్_ప్రోగ్రామ్, సిసి.ఫైండ్_లైబ్రరీ. మెసన్‌కు ఇంకో సౌకర్యం ఉంది: ఇంట్రోస్పెక్ట్ కమాండ్‌కు స్కాన్-డిపెండెన్సీస్ ఆప్షన్ ఇచ్చి మెసన్.బిల్డ్ ఫైలు చూపిస్తే, కాన్ఫిగర్ చేయకుండానే ఏమేం అడుగుతుందో, అందులో ఏవి తప్పనిసరో జేసన్ రూపంలో ఇస్తుంది.

గ్రెప్ చేసేటప్పుడు పేరుతో పాటు ఆ లైబ్రరీ దొరకకపోతే ఏం జరుగుతుందో కూడా రాసుకోవాలి. పికెజి_చెక్_మాడ్యూల్స్‌కు నాలుగో ఆర్గ్యుమెంట్ ఇవ్వకపోతే లైబ్రరీ లేనప్పుడు కాన్ఫిగర్ ఆగిపోతుంది. నాలుగోది ఇచ్చి ఉంటే అందులో రాసింది చేసి ముందుకు పోతుంది. ఎసి_చెక్_లిబ్‌ది తలకిందులు: నాలుగోది ఇవ్వకపోతే చప్పుడు చేయదు. సీమేక్‌లో ఫైండ్_ప్యాకేజ్‌కు రిక్వైర్డ్ అన్న మాట తోడు లేకపోతే అదీ చప్పుడు చేయదు. మెసన్‌లో డిపెండెన్సీ పిలుపు సహజంగానే కచ్చితమైనది, కానీ ఆటో విలువ ఉన్న ఫీచర్ ఆప్షన్‌తో ముడిపెడితే మెత్తబడుతుంది.

సోర్సును గిట్ ట్యాగ్ నుంచి తీసుకున్నారా, ప్రాజెక్టు విడుదల చేసిన టార్‌బాల్ (సోర్సు మూట) నుంచా అన్నదాన్ని బట్టి కూడా జాబితా మారుతుంది. టార్‌బాల్‌లో కాన్ఫిగర్ స్క్రిప్టు ముందే తయారై ఉంటుంది. గిట్‌లో ఉండదు కాబట్టి ఆటోకాన్ఫ్, ఆటోమేక్, లిబ్‌టూల్, ఒక్కోసారి ఆటోకాన్ఫ్-ఆర్కైవ్, గెట్‌టెక్స్ట్ అవసరమవుతాయి. 2024 మార్చి 29న ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌లో బయటపడ్డ బ్యాక్‌డోర్‌ను (దొడ్డిదారిని) నడిపించిన ఎం4 ఫైలు (ఆటోటూల్స్ మ్యాక్రోల ఫైలు) గిట్‌లో లేదు, 5.6.0, 5.6.1 టార్‌బాళ్లలోనే ఉంది. అప్పటినుంచి గిట్ ట్యాగ్ మీదే ఆధారపడాలనే ప్యాకేజర్లు పెరిగారు. నాలుగైదు బిల్డ్ డిపెండెన్సీలు పెరిగినా అది మంచి మార్పే.

చప్పుడు చేయని చెక్‌లు

యుఆర్‌ఎల్ నుంచి డేటా తెచ్చే కర్ల్‌ను ఉదాహరణగా తీసుకుంటే విషయం స్పష్టంగా కనబడుతుంది. 7.77.0 నుంచి కర్ల్ కాన్ఫిగర్ టిఎల్‌ఎస్ (కనెక్షన్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే) లైబ్రరీని తనంతట తాను ఎంచుకోదు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కావాలనో, అసలు వద్దనో చెప్పకపోతే ఆగిపోతుంది. ఇది కచ్చితమైన చెక్. కంప్రెషన్‌కు వాడే బ్రాట్లీ, జెడ్‌స్టాండర్డ్, హెచ్‌టిటిపి/2కు వాడే ఎన్‌జిహెచ్‌టిటిపి2 సంగతి అలా కాదు. ఉంటే వాడుకుంటుంది, లేకపోతే హెచ్‌టిటిపి/2 లేని కర్ల్ తయారవుతుంది. ఎర్రర్ ఏమీ రాదు. కాన్ఫిగర్ చివర్లో వచ్చే సారాంశ పట్టికలో హెచ్‌టిటిపి2 ఎదురుగా నో అని ఒక వరుస కనిపిస్తుంది, అంతే. బిల్డ్ సర్వర్‌లో వేల లైన్ల లాగ్ మధ్య దాన్ని ఎవరూ చూడరు.

దీనికి మందు ఒక్కటే: కావలసిన ప్రతి ఫీచర్‌నూ పేరు పెట్టి అడగడం, అక్కర్లేనిదాన్ని పేరు పెట్టి వద్దనడం. విత్-బ్రాట్లీ అని స్పష్టంగా ఇస్తే, లైబ్రరీ దొరకనప్పుడు అదే కాన్ఫిగర్ ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. వద్దనడం కూడా అంతే ముఖ్యం. లేకపోతే బిల్డ్ మెషీన్లో వేరే పని కోసం వచ్చిన లైబ్రరీని కాన్ఫిగర్ పట్టుకుని లింక్ చేసేసుకుంటుంది. ఇవాళ ఉన్న ఫీచర్ రేపటి బిల్డ్‌లో మాయమవుతుంది. జెంటూవాళ్లు ఇలాంటివాటిని ఆటోమ్యాజిక్ డిపెండెన్సీలంటారు, వాటిని బగ్గులుగానే లెక్కేస్తారు. మెసన్ ప్రాజెక్టులకు ఆటో_ఫీచర్స్ విలువను ఎనేబుల్డ్ చేస్తే ఫీచర్ ఆప్షన్లతో ముడిపడ్డ మెత్తని చెక్‌లన్నీ ఒక్కసారిగా కచ్చితమవుతాయి. ఫెడోరా మెసన్ మ్యాక్రో, ఆర్చ్‌లోని ఆర్చ్-మెసన్ ఈ పని ముందే చేసి పెడతాయి. సీమేక్‌లో 3.22 వెర్షన్ నుంచి ఏ ప్యాకేజీకైనా సీమేక్_రిక్వైర్_ఫైండ్_ప్యాకేజ్ వేరియబుల్ పెట్టి కచ్చితం చేయొచ్చు. పాత సీమేక్ అయితే బిల్డ్ అయ్యాక సీమేక్‌క్యాష్.టిఎక్స్‌టి తెరిచి నాట్‌ఫౌండ్ అన్న వరుసలు చూసుకోవాలి.

లైబ్రరీ ఉన్నా చెక్ ఫెయిలవడం ఇంకా మోసపూరితం. కాన్ఫిగర్ చేసే ప్రతి చెక్ వెనకా ఒక చిన్న సి ప్రోగ్రామ్ ఉంటుంది. అది కంపైలైతే ఫీచర్ ఉన్నట్టు, కాకపోతే లేనట్టు. ఎందుకు కాలేదన్నది ఎవరూ అడగరు. 2024 మేలో వచ్చిన జిసిసి 14, డిక్లరేషన్ లేని ఫంక్షన్‌ను పిలవడాన్ని హెచ్చరిక నుంచి ఎర్రర్‌గా మార్చింది. పాత కాన్ఫిగర్ స్క్రిప్టుల్లో హెడర్ చేర్చకుండా రాసిన చిట్టి ప్రోగ్రాములు దాంతో ఫెయిలవడం మొదలైంది. లైబ్రరీ ఉంది, డిపెండెన్సీ జాబితాలోనూ ఉంది, అయినా ఫీచర్ పోయింది. ఎక్స్‌జెడ్ కుట్రలో దీన్నే ఆయుధంగా వాడారు. ల్యాండ్‌లాక్ అనే కెర్నల్ శాండ్‌బాక్స్ ఉందో లేదో చూసే సీమేక్ చెక్‌లోని చిట్టి ప్రోగ్రామ్ మధ్యలో ఒక లైనులో ఒంటరిగా ఒక చుక్క పెట్టారు. ఆ చుక్క వల్ల అది ఏ మెషీన్లోనూ కంపైల్ కాదు, సీమేక్‌తో కడితే ల్యాండ్‌లాక్ ఎక్కడా ఆన్ కాదు. ఆ ఒక్క చుక్కను తర్వాత తీసేశారు.

అందుకే తెర మీద కనిపించే నో అన్న మాటతో సరిపెట్టుకోకుండా కాన్ఫిగ్.లాగ్ తెరవాలి. తెర మీద జెడ్‌లిబ్.హెచ్ కోసం చూశాను, లేదు అని ఒక్క ముక్కే ఉంటుంది. కాన్ఫిగ్.లాగ్‌లో అదే చెక్ దగ్గర నడిపిన జిసిసి కమాండ్, కాన్‌ఫ్‌టెస్ట్.సి ఫలానా లైనులో ఫేటల్ ఎర్రర్, దాని కింద ఆ చిట్టి ప్రోగ్రామ్ మొత్తం ఉంటాయి. ఎర్రర్ ఫైలు లేదన్నదైతే డిపెండెన్సీ చేర్చాలి. ఇంప్లిసిట్ డిక్లరేషన్ అన్నదైతే చెక్‌నే సరిచేయాలి. ఈ రెంటినీ కలగలిపి, ఉన్న ప్యాకేజీనే మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తూ కూర్చుంటే పొద్దు గడిచిపోతుంది.

మెత్తని చెక్‌లన్నిటినీ ఒక్కసారి పట్టుకోవడానికి ఒక పద్ధతి బాగా పనిచేస్తుంది. అన్ని డెవలప్‌మెంట్ లైబ్రరీలూ ఉన్న మెషీన్లో ఒకసారి, కనీస సామానుతో ఉన్న శుభ్రమైన క్రూట్‌లో (మిగతా వ్యవస్థ నుంచి వేరుచేసిన ఫోల్డర్ చెట్టులో) ఒకసారి కాన్ఫిగర్ మాత్రమే నడపాలి. రెండు చోట్లా పుట్టిన కాన్ఫిగ్.హెచ్ ఫైళ్లను డిఫ్ చేయాలి. ఒకవైపు డిఫైన్ అయి రెండోవైపు కాని ప్రతి హ్యావ్_ వరుసా ఒక ప్రశ్న: ఇది కావాలా, వద్దా? జవాబు ఏదైనా దాన్ని కాన్ఫిగర్ ఫ్లాగుగా రాసేయాలి.

శుభ్రమైన క్రూట్

రోజూ పనిచేసే ల్యాప్‌టాప్‌లో కట్టిన ప్యాకేజీ డిపెండెన్సీల విషయంలో ఏమీ రుజువు చేయదు. డెబియన్‌లో ఎస్‌బిల్డ్ లేదా పిబిల్డర్, ఫెడోరాలో మాక్, ఆర్చ్‌లో పికెజిసిటిఎల్ బిల్డ్ వాడితే ప్రతిసారీ కనీస వ్యవస్థ మీద, జాబితాలో రాసినవి మాత్రమే ఇన్‌స్టాల్ చేసి బిల్డ్ నడుపుతాయి. నెట్‌వర్క్ కూడా తీసేయాలి, మాక్‌లో అది ఎలాగూ మూసే ఉంటుంది. నెట్‌వర్క్ ఉంటే సీమేక్‌లోని ఫెచ్‌కంటెంట్, మెసన్ ర్యాప్ వంటివి లేని లైబ్రరీ సోర్సును ఇంటర్నెట్ నుంచి దించుకుని లోపలే కట్టేసుకుంటాయి, డిపెండెన్సీ లోపం మళ్లీ దాక్కుంటుంది.

ఇక్కడ వచ్చే ఎర్రర్లు కొన్నే రకాలు, ఒక్కోదానికీ ఒక్కో దారి ఉంది. హెడర్ ఫైలు లేదంటే డెబియన్‌లో ఆప్ట్-ఫైల్‌తో, ఫెడోరాలో డిఎన్‌ఎఫ్ ప్రొవైడ్స్‌తో ఆ ఫైలు పేరు వెతకాలి. లింకర్ ఎల్‌జెడ్ దొరకలేదంటే అది అడుగుతున్నది లిబ్‌జెడ్.ఎస్‌ఓ అనే వెర్షన్ నంబరు లేని లింకును. అది డెవ్ లేదా డెవెల్ ప్యాకేజీలోనే ఉంటుంది, రన్‌టైమ్ ప్యాకేజీలో ఉండదు. ఎగ్జిట్ కోడ్ 127 వస్తే ఏదో కమాండ్ లేదన్నమాట. కాన్ఫిగర్ ఫలానా లైనులో కామా దగ్గర సింటాక్స్ ఎర్రర్ అని వింతగా ఆగిపోతే, కాన్ఫిగర్ తయారైనప్పుడు పికెజి.ఎం4 లేక పికెజి_చెక్_మాడ్యూల్స్ విప్పకుండా అలాగే మిగిలిపోయిందని అర్థం. పికెజి-కాన్ఫిగ్ ప్యాకేజీ చేర్చి ఆటోరీకాన్ఫ్ మళ్లీ నడపాలి. అదే తరహాలో ఎఎక్స్_తో మొదలయ్యే మ్యాక్రో మిగిలితే ఆటోకాన్ఫ్-ఆర్కైవ్ కావాలి.

ఒక హెడర్‌కు ఒకే ప్యాకేజీ ఉంటుందనీ లేదు. డెబియన్‌లో కర్ల్/కర్ల్.హెచ్ కోసం వెతికితే లిబ్‌కర్ల్4-ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవ్, లిబ్‌కర్ల్4-గ్నుటిఎల్‌ఎస్-డెవ్ రెండూ వస్తాయి. రెండూ ఒకేసారి ఉండలేవు. ఏది ఎంచుకోవాలన్నది ఆప్ట్-ఫైల్ చెప్పదు. ఆ ప్రోగ్రామ్ ఇప్పటికే ఏ టిఎల్‌ఎస్ లైబ్రరీని లింక్ చేస్తోందో చూసి, ఒకే ప్రాసెస్‌లో రెండు రకాలు చేరకుండా ఎంచుకోవాలి. ఫెడోరాలో ప్యాకేజీ పేరు బదులు పికెజికాన్ఫిగ్ కుండలీకరణాల్లో జెడ్‌లిబ్ అని రాయడం మేలు. సోర్సు అడుగుతున్నది ఆ .పిసి ఫైలునే, దాన్ని ఇచ్చే ప్యాకేజీ మారినా మాట మారదు. ఫెడోరా 40లో జెడ్‌లిబ్ స్థానంలోకి జెడ్‌లిబ్-ఎన్‌జి కంపాట్ వచ్చినప్పుడు ఇలా రాసిన స్పెక్ ఫైళ్లు ముట్టుకోకుండానే సాగిపోయాయి.

శుభ్రతకూ ఒక ఉచ్చు ఉంది. కర్ల్ కాన్ఫిగర్ సిఎ సర్టిఫికెట్ల (నమ్మదగిన సంస్థల సర్టిఫికెట్ల) ఫైలు ఎక్కడుందో బిల్డ్ మెషీన్లోనే వెతికి, దొరికిన దారిని ప్రోగ్రామ్‌లో రాసేస్తుంది. ల్యాప్‌టాప్‌లో అది దొరుకుతుంది. శుభ్రమైన క్రూట్‌లో సిఎ-సర్టిఫికెట్స్ ప్యాకేజీ ఉండదు కాబట్టి దొరకదు, ఆ దారి ఖాళీగా మిగిలిపోవచ్చు. అందుకే విత్-సిఎ-బండిల్ ఫ్లాగుతో దారిని చేత్తో ఇవ్వాలి. బిల్డ్ మెషీన్ స్థితిని చూసి నిర్ణయం తీసుకునే ఏ చెక్‌కైనా ఇదే పద్ధతి.

టెస్టుల దగ్గర కూడా నిశ్శబ్దం ఉంటుంది. కర్ల్ టెస్టులకు పెర్ల్ తప్పనిసరి. ఎస్‌టన్నెల్, ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ లేకపోతే సంబంధిత టెస్టులను దాటేసి పాస్ అంటుంది, చివర్లో ఎన్ని దాటిందో, ఎందుకో చెబుతుంది. పైథాన్ టెస్టులు నడిపే పైటెస్ట్‌కు ఆర్‌ఎస్ ఆప్షన్ ఇస్తే దాటేసిన టెస్టుల కారణాలు వస్తాయి. మాడ్యూల్ లేక దాటేసింది కనబడితే అది చేర్చాల్సిన టెస్ట్ డిపెండెన్సీ.

బైనరీ ఇచ్చే సాక్ష్యం

రన్‌టైమ్ లైబ్రరీల జాబితాను చేత్తో రాయకూడదు. తయారైన బైనరీలోనే అది ఉంటుంది. రీడ్‌ఎల్ఫ్‌కు డి ఆప్షన్ ఇస్తే నీడెడ్ అనే వరుసలు కనిపిస్తాయి: లిబ్‌కర్ల్.ఎస్‌ఓ.4, లిబ్‌జెడ్.ఎస్‌ఓ.1, లిబ్‌సి.ఎస్‌ఓ.6. ఇవే నేరుగా ఉన్న డిపెండెన్సీలు. చాలామంది ఎల్‌డిడి వాడతారు. అది లైబ్రరీల లైబ్రరీలనూ కలిపి మొత్తం చెట్టును చూపిస్తుంది కాబట్టి ప్యాకేజీ జాబితాకు పనికిరాదు. నమ్మకం లేని బైనరీ మీద ఎల్‌డిడి నడపకూడదని దాని మాన్యువల్ పేజీయే హెచ్చరిస్తుంది, కొన్ని పరిస్థితుల్లో అది ఆ ప్రోగ్రామ్‌లోని కోడును నడపగలదు.

అలాగని మొత్తం చెట్టుకు విలువ లేదని కాదు. ఎక్స్‌జెడ్ బ్యాక్‌డోర్ గురి ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్. కానీ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ అసలు సోర్సు ఎక్స్‌జెడ్ లైబ్రరీ అయిన లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఎను అడగనే అడగదు. డెబియన్, ఫెడోరా వంటివి సర్వీసు సిద్ధమైందని, సర్వీసులను నడిపే సిస్టమ్‌డికి చెప్పడానికి ప్యాచ్ వేసి లిబ్‌సిస్టమ్‌డిని కలిపాయి. లిబ్‌సిస్టమ్‌డి జర్నల్ ఫైళ్లు విప్పడానికి లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఎను లింక్ చేసేది. ఒక చిన్న నోటిఫికేషన్ కోసం చేర్చిన డిపెండెన్సీ, కంప్రెషన్ లైబ్రరీని ఎస్‌ఎస్‌హెచ్‌డి ప్రాసెస్‌లోకి తెచ్చింది. ప్యాకేజీ జాబితా కోసం నీడెడ్ చూడాలి, ప్యాచ్ వేసేముందు ఎల్‌డిడి చెట్టు చూడాలి.

నీడెడ్ పేరు నుంచి ప్యాకేజీ పేరుకు తీసుకెళ్లే పని డెబియన్‌లో డిపికెజి-షెలిబ్‌డెప్స్ చేస్తుంది. కంట్రోల్ ఫైలులో షెలిబ్స్:డిపెండ్స్ అనే వేరియబుల్ రాసి ఊరుకుంటే చాలు. ప్రోగ్రామ్ నిజంగా వాడిన సింబళ్లను (ఫంక్షన్ల, వేరియబుళ్ల పేర్లను) లైబ్రరీ తాలూకు సింబల్స్ ఫైలుతో పోల్చి కనీస వెర్షన్ కూడా తేలుస్తుంది. సి లైబ్రరీ జిలిబ్‌సి 2.36 ఉన్న మెషీన్లో కట్టినా, వాడిన సింబళ్లలో కొత్తది 2.34దే అయితే లిబ్‌సి6 2.34 లేదా ఆపైన అనే రాస్తుంది. చేత్తో లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్1.1 అని రాసిన ప్యాకేజీలు, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 తో వచ్చిన డెబియన్ 12లో తిరిగి కట్టినా ఇన్‌స్టాల్ కాలేని స్థితికి వచ్చాయి. వేరియబుల్ వాడినవాటికి తిరిగి కట్టగానే సరైన పేరు దానంతటదే వచ్చింది.

ఆర్‌పిఎం ప్యాకేజీ పేరు జోలికి పోదు. లిబ్‌జెడ్.ఎస్‌ఓ.1, 64 బిట్ అన్న సామర్థ్యాన్నే నేరుగా అడుగుతుంది, సింబల్ వెర్షన్లు ఉన్న లైబ్రరీకి జిలిబ్‌సి_2.34 వంటివీ జోడిస్తుంది. సింబల్ వెర్షన్లు లేని లైబ్రరీ దగ్గరే దానికి గండి. లైబ్రరీ కొత్త ఫంక్షన్ చేర్చి ఎస్‌ఓనేమ్ (లిబ్‌జెడ్.ఎస్‌ఓ.1 వంటి పేరు) మార్చకపోతే పాత వెర్షన్ మీద ప్యాకేజీ ఇన్‌స్టాల్ అవుతుంది, నడిపితే అన్‌డిఫైన్డ్ సింబల్ అని ఆగిపోతుంది. అలాంటి చోట మాత్రం కనీస వెర్షన్‌ను చేత్తో రాయాలి, ఎందుకు రాశారో పక్కన కామెంట్ పెట్టాలి.

షెలిబ్‌డెప్స్ హెచ్చరికలను చదవడం అలవాటు చేసుకోవాలి. ఫలానా లైబ్రరీ సింబళ్లు ఒక్కటీ వాడలేదు, అనవసర డిపెండెన్సీ తప్పించవచ్చు అంటే బిల్డ్ స్క్రిప్టు అవసరానికి మించి లింక్ చేస్తోందని అర్థం. లింకర్‌కు యాజ్-నీడెడ్ ఫ్లాగు ఇస్తే వాడని లైబ్రరీలు నీడెడ్‌లోకి రావు.

బైనరీలో కనబడనివి

డిఎల్‌ఓపెన్‌తో ప్రోగ్రామ్ నడుస్తుండగా తెరిచే లైబ్రరీలు నీడెడ్‌లో ఉండవు. స్ట్రింగ్స్ కమాండ్‌తో .ఎస్‌ఓ అన్న పేర్లు వెతకొచ్చు. ఎల్‌డి_డీబగ్ వేరియబుల్‌కు లిబ్స్ విలువ ఇచ్చి నడిపితే లోడర్ ఏ లైబ్రరీని ఎక్కడెక్కడ వెతికిందో వరుసగా చెబుతుంది. సిస్టమ్‌డి 256లో లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఎ వంటివి డిఎల్‌ఓపెన్‌కు మారాయి. ఆ సమాచారం పోకుండా ఎల్ఫ్ ఫైలులోనే (బైనరీలోనే) నోట్.డిఎల్‌ఓపెన్ అనే విభాగం పెట్టే పద్ధతిని కూడా సిస్టమ్‌డి ప్రాజెక్టు తెచ్చింది. ఇంకా కొద్ది ప్రాజెక్టులే దాన్ని వాడుతున్నాయి, ఎక్కువ ప్రాజెక్టులు వాడాలి.

పైథాన్‌లో పేర్ల గొడవ ఎక్కువ. పైపైలో పైయామల్, కోడులో ఇంపోర్ట్ యామల్, డెబియన్‌లో పైథాన్3-యామల్. డిహెచ్_పైథాన్3, ఫెడోరాలో పైప్రాజెక్ట్_బిల్డ్‌రిక్వైర్స్ మ్యాక్రో మెటాడేటా చదివి పేర్లు మార్చి పెడతాయి. మెటాడేటాలోనే లేనిదాన్ని అవీ పట్టలేవు. సెటప్‌టూల్స్ ఇందుకు మంచి ఉదాహరణ. పాత సెటప్‌టూల్స్‌లో భాగమైన పికెజి_రిసోర్సెస్‌ను నడుస్తున్నప్పుడు ఇంపోర్ట్ చేసే ప్రోగ్రామ్‌కు బిల్డ్ సమయంలో సెటప్‌టూల్స్ ఎలాగూ ఉంటుంది కాబట్టి టెస్టులన్నీ పాసవుతాయి. వాడుకరి మెషీన్లో సెటప్‌టూల్స్ లేక మాడ్యూల్ దొరకలేదని ఆగిపోతుంది. బిల్డ్‌రూట్‌లో నడిపిన టెస్టు రన్‌టైమ్ జాబితాకు రుజువు కాదనడానికి ఇంతకంటే స్పష్టమైన సందర్భం దొరకదు.

ప్రోగ్రామ్ పిలిచే బయటి కమాండ్లు, డేటా ఫైళ్లు ఏ పనిముట్టుకూ పూర్తిగా చిక్కవు. ప్యాకేజీని ఖాళీ కంటైనర్లో, ఆప్ట్‌కు నో-ఇన్‌స్టాల్-రెకమెండ్స్ ఇచ్చి ఇన్‌స్టాల్ చేసి, ప్రతి ముఖ్యమైన పనినీ, కెర్నల్‌కు చేసే పిలుపులను చూపే ఎస్‌ట్రేస్ కింద నడపాలి. ఎఫ్ ఆప్షన్ ఇస్తే పిల్ల ప్రాసెస్‌లనూ అనుసరిస్తుంది. ఎగ్జెక్‌విఇ, ఓపెన్‌ఎట్ పిలుపులు మాత్రం వడగట్టి, ఎనోఎంట్ (ఫైలు లేదు) తిరిగి వచ్చిన వరుసలు చూడాలి. చాలావరకు లోడర్ దారులు వెతికినవే ఉంటాయి, వాటిని వదిలేస్తే గిట్, జిపిజి, ఎక్స్‌డిజి-ఓపెన్, ఐకాన్ థీమ్, టైమ్‌జోన్ డేటా వంటివి మిగులుతాయి. ఉబుంటు బేస్ ఇమేజ్‌లో టిజెడ్‌డేటా ఉండదు. ఆసియా/కోల్‌కతా అడిగిన ప్రోగ్రామ్‌కు అక్కడ ఆ టైమ్‌జోన్ ఫైలు దొరకదు.

తెలుగులో రసీదులో నివేదికలో పిడిఎఫ్‌గా తీసే సర్వర్ ప్రోగ్రాములకు ఇదే రకం దెబ్బ తగులుతుంది. అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్, ప్యాంగో బైనరీలోని నీడెడ్ ద్వారా వచ్చేస్తాయి. ఫాంటు మాత్రం రాదు. ఎర్రర్ లేకుండా పిడిఎఫ్ తయారవుతుంది, తెలుగు ఉండాల్సిన చోట ఖాళీ డబ్బాలుంటాయి. ఎఫ్‌సి-లిస్ట్‌ను తెలుగు భాష కోడుతో నడిపితే జవాబు ఖాళీగా వస్తుంది, ఫాంట్స్-లోహిత్-తెలు ప్యాకేజీ పెట్టాక ఫాంటు కనబడుతుంది. ఆంగ్లంలో మాత్రమే టెస్ట్ చేసిన ప్యాకేజీకి ఈ డిపెండెన్సీ ఎప్పటికీ బయటపడదు. తెలుగు వాడే ప్యాకేజర్లు బగ్ రిపోర్టుగా పంపాల్సిన సంగతి ఇది.

ఇలా దొరికినవి అన్నీ డిపెండ్స్‌లో కుక్కకూడదు. లేకపోతే ప్రోగ్రామ్ మొదలే కాదనేవి డిపెండ్స్‌లో, ఎక్కువమందికి కావలసినవి రెకమెండ్స్‌లో, కొద్దిమందికే పనికొచ్చేవి సజెస్ట్స్‌లో పెట్టాలి. లిబ్‌కర్ల్‌కు సిఎ-సర్టిఫికెట్స్‌ను డెబియన్ రెకమెండ్స్‌లోనే ఉంచింది. సొంత సర్టిఫికెట్లు వాడేవాళ్లూ ఉంటారు కాబట్టి అది సరైన చోటే.

రస్ట్ ప్రోగ్రాముల్లో

రస్ట్ డిపెండెన్సీల జాబితా అయిన కార్గో.లాక్ చూస్తే అన్నీ తేలిపోయినట్టే అనిపిస్తుంది. సిస్ అనే తోకతో ఉండే క్రేట్ల (రస్ట్ ప్యాకేజీల) దగ్గర ఆగి చూడాలి, అవి సి లైబ్రరీలకు వంతెనలు. కార్గో ట్రీ అవుట్‌పుట్‌లో వాటిని గ్రెప్ చేస్తే చాలు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్-సిస్ లైబ్రరీ దొరకకపోతే ఆగిపోతుంది. లిబ్‌జెడ్-సిస్ ఆగదు, తనతో తెచ్చుకున్న జెడ్‌లిబ్ సోర్సును కంపైల్ చేసి లోపలే కలిపేసుకుంటుంది. అప్పుడు జెడ్‌లిబ్‌లో భద్రతా లోపం బయటపడి డిస్ట్రో దాన్ని సరిచేసినా ఈ బైనరీకి ఆ సవరణ అందదు. బిల్డ్ తర్వాత నీడెడ్‌లో లిబ్‌జెడ్.ఎస్‌ఓ.1 ఉందో లేదో చూడటమే పరీక్ష. లేకపోతే బిల్డ్-డిపెండ్స్‌లో జెడ్‌లిబ్1జి-డెవ్, పికెజి-కాన్ఫిగ్ రెండూ ఉన్నాయా అని చూసుకోవాలి. 

ఎక్కువైనవాటిని తీసేయడం

జాబితాలు పెరుగుతాయే గాని తరగవు. అప్‌స్ట్రీమ్ (సాఫ్ట్‌వేర్ రాసే అసలు ప్రాజెక్టు) ఒక లైబ్రరీని వదిలేసి మూడేళ్లయినా బిల్డ్-డిపెండ్స్‌లో అది అలాగే ఉంటుంది. బిల్డ్ సమయం పెరుగుతుంది, ఆ లైబ్రరీని డిస్ట్రో నుంచి తొలగించాలనుకున్నప్పుడు ఈ ప్యాకేజీ అడ్డం పడుతుంది. ఒక్కో వరుసను తీసి శుభ్రమైన క్రూట్‌లో తిరిగి కట్టాలి. ఫెయిలైతే ఆ వరుస ఉండాల్సిందే. పాసైతే, చప్పుడు చేయని చెక్‌ల వల్ల అది చాలదు. బిల్డ్‌లో పడే తేదీని స్థిరపరిచే సోర్స్_డేట్_ఎపాక్ విలువను ఒకటే ఉంచి రెండుసార్లు కట్టిన ప్యాకేజీలను డిఫోస్కోప్‌తో పోల్చాలి. తేడా ఏమీ లేకపోతే ఆ డిపెండెన్సీని తీసేయొచ్చు. టెస్టుల కోసమే ఉన్నవి ఇక్కడ తప్పుదారి పట్టిస్తాయి. వాటిని తీసినా ప్యాకేజీ మారదు, టెస్టులే తగ్గుతాయి. అందుకని రెండు బిల్డ్ లాగుల్లోనూ దాటేసిన టెస్టుల సంఖ్య ఒకటేనా అని చూశాకే కంట్రోల్ ఫైలులో ఆ వరుస చెరపాలి.